ఉగ్రాణపు టుత్తరములు

(ఒక పఠనమందిరపు వార్షికసభయందు చేసిన యుపన్యాసము)



ఈ పఠనమందిర కార్యవర్గమువారు నేటి సభయెదుట నొక తీర్మాన ముంచియున్నారు. లోపలిగది బీరువాలలోని పాత చిట్టాలును, రసీదు పుస్తకములును, గ్రంథములు తెప్పించుటకై వ్రాసిన యుత్తరముల కట్టలును చోటు నాక్రమించుచున్నవి గావున, వానిని తూకమునకు విక్రయించి యా సొమ్ముతో కుర్చీలు కొనవలెనని దాని సారాంశము. మేము దీనిని వ్యతిరేకించుటకు లేచితిమి. కాని మా వాదమును మన యింటినుండి గాక దూరదేశమునుండి ప్రారంభింతుము. పొరుగింటివా డొక వస్తువును దాచుకొనుట జూచిన పిమ్మటనే మన యింటిలోని యట్టి వస్తువు విలువ మనకు దెలియుట లోకసహజము గదా!

అమెరికా సంయుక్త రాష్ట్రములలో మేరీలండు రాష్ట్రమునకు రాజధాని యగు అన్నాపొలిస్ అను పట్టణము గలదు. అచ్చట నౌకాధికారులకు శిక్షణ మొసగు విద్యాలయ మొకటి 1845 అక్టోబరు 10వ తేదీన ప్రారంభింపబడెను. ఆ విద్యాలయపు పందొమ్మిదవ శతాబ్దపు కార్యాలయ పత్రములను ఆ దేశపు జాతీయ పత్రభాండారమువారు 405వ వర్గముగా నేర్పఱచి, జాబితాలు వ్రాసి కాపాడుచున్నారు. వానిలో వీరగాథలకన్న విద్యాలయాధ్యక్షునకును వాషింగ్టనులోని నౌకాశాఖకును నడచిన యుత్తరప్రత్యుత్తరములే మెండు. మన భాషలో జెప్పవలెనన్న నవి ఉగ్రాణపు టుత్తరములు.

ఆ విద్యాలయము పుట్టుకయే పొదుపులో జరిగినది. అంతకుముందు నౌకాధికారులు కాగోరు బాలు రధికముగా నోడలమీదనే పని నేర్చుకొనుచుండిరి. 1842 డిసెంబరు 1వ తేదీన ‘సోమర్సు’ అను నౌకపై, తిరుగుబాటు పన్నిరను నేరము మోపి, సైనిక న్యాయస్థానపు విచారణ లేకయే మువ్వురి నురిదీసిరి. వారిలో నొకడు యుద్ధమంత్రి కుమారుడు, పందొమ్మిదేండ్ల యువకుడు. దేశము కలత జెందెను. నేలమీద పాఠశాల యుండి తీరవలెనను వారి పక్షమునకు బలము గలిగెను. అయినను శాసనసభ దానికై ధన మొసగలేదు. అప్పుడు నౌకామంత్రియు చరిత్రకారుడును నగు జార్జి బాన్‌క్రాఫ్టు క్రొత్త పైకము నడుగక, సైన్యశాఖవారివలన సెవర్ను కోట యను పాతకోటను పుచ్చుకొని, బోధకుల జీతములకై యదివఱకే మంజూరై యున్న సొమ్ముతోనే పాఠశాలను దెఱిపించెను. పదియెకరముల నేల, ఏబదిమంది విద్యార్థులు, ఏడుగురు బోధకులు: ఇంతయే మొదటి పెట్టుబడి. ఇట్టి సంస్థకు ప్రతి డాలరునకును లెక్క జెప్పుట ప్రాణావసరము గాక మఱేమి?

ఆ లెక్క జెప్పు విధానమును గూడ వినుడు. 1842 ఆగష్టు 31వ తేదీనాటి శాసనముచే నౌకాశాఖ యైదు కార్యాలయములుగా విభజింపబడెను. నౌకాశ్రయములును కట్టడములును ఒకరివి. ఓడల నిర్మాణమును మరమ్మతును ఒకరివి. భోజనసామగ్రియు దుస్తులును ఒకరివి. ఫిరంగులును సముద్రపటములును ఒకరివి. మందులు వేఱొకరివి. 1862లో ఈ యైదును ఎనిమిదయ్యెను. కావున సరకు వచ్చుటకు తట్టవలసిన తలుపులు పెక్కు. ఇట్టి యేర్పాటులో ఇండెంటు వ్రాయుట, మంజూరు తెప్పించుట, దిగిన సరకును సరిచూచుట, రసీదిచ్చుట, బిల్లును పైకి బంపుట, నకలు దాచుట యని యొక్క వస్తువునకే యిన్ని కాగితములు పుట్టును. దీనిని గుమాస్తాల గొడవ యని నవ్వువారు గలరు. మే మట్లు నవ్వజాలము. పొడవైన యా దారిలో ఎచ్చట సరకు తగ్గెనో, ఎవని చేతిలో ధర పెరిగెనో కనిపెట్టుటకు వేఱొక దీపము లేదు.

ఆ శతాబ్దపు ప్రవేశనిబంధనలలో మా మనస్సు నాకర్షించిన యంశ మొకటి కలదు. ఒక గదిలో గలసి యుండు విద్యార్థులు తమ యుమ్మడి వాడుకకై యొక అద్దము, ముఖము గడుగుకొను పళ్లె మొకటి, నీళ్లబాల్చి యొకటి, మురికినీటి బాల్చి యొకటి, చీపు రొకటి సమకూర్చుకొనవలెనట. అవి విద్యాలయపు టుగ్రాణాధికారియొద్ద మంచిరకమున, న్యాయమైన ధరకు లభించునని గూడ నందు వ్రాయబడినది. రేపు నౌకలను నడుపబోవు యువకునకు నేడు చీపురు గూడ లెక్కలోని వస్తువే. మంత్రి కొడుకైనను, కమ్మరి కొడుకైనను ఆవర్జాలో నొక్క పుటయే. స్వరాజ్యమనగా గొప్ప మాటలే యనుకొనువా రీ చీపురు పద్దును గూర్చి యొకింత యోచింపవలెను.

1861లో నా దేశమున అంతర్యుద్ధము చెలరేగెను. విద్యాలయము అన్నాపొలిస్ విడిచి, ఉత్తరమున రోడ్ ఐలండు రాష్ట్రమందలి న్యూపోర్టునకు దరలెను. పాతభవనములు సైన్యమునకు వైద్యశాల లయ్యెను. 1865లో యుద్ధము ముగిసిన పిదప విద్యాలయము స్వస్థానమునకు మఱలి వచ్చెను. విద్యాలయపు మొదటి యధ్యక్షుడగు ఫ్రాంక్లిన్ బుకానన్, నడుమ దక్షిణపక్షమున జేరి, ఇనుపకవచపు నౌక కధిపతియై 1862లో నుత్తరపక్షపు నౌకలతో బోరాడెను. మనుష్యుడు పక్షము మార్చెను. ఆయన కాలమున వ్రాసిన లెక్కలు మాత్రము వ్రాసినది వ్రాసినట్లే నిలిచినవి.

ఆ యుద్ధకాలముననే ప్రభుత్వమునకు సరకు లమ్మిన కాంట్రాక్టర్లలో గొందఱు దేశభక్తిని నోటను, నాసిబట్టను మూటను బెట్టుకొని వచ్చిరి. సిపాయి తొడిగిన దుస్తులు కొలదిదినములకే చివికిపోయెను. అప్పుడు శాసనసభవారు 1863 మార్చి 2వ తేదీన నొక చట్టము చేసిరి. ప్రభుత్వమును దొంగబిల్లులతో మోసగించినవాడు నష్టమునకు రెట్టింపును, దానిపై రెండువేల డాలర్ల దండుగయు నాడు చెల్లింపవలసి యుండెను. ఏ సామాన్యపౌరుడైనను ప్రభుత్వము పక్షమున దావా వేయవచ్చును. గెలిచినచో వచ్చిన సొమ్ములో సగ మాతనికి నాడు జెందుచుండెను. న్యాయవాదులమైన మాకీ చట్టము ముచ్చట గొల్పుచున్నది. కాని చట్ట మెంత పదునైనను, ఇండెంటును రసీదును బిల్లును ప్రక్కప్రక్కన బెట్టి చూడలేనినాడు దావా నిలుచుట యెట్లు?

ఉగ్రాణపు టుత్తరములు దొంగలను బట్టుటకే యనుకొనవలదు. 1873లో అన్నాపొలిస్‌లో పట్టభద్రుడైన ఆల్బర్టు మైకెల్సన్ పిదప నచ్చటనే భౌతికశాస్త్రబోధకు డయ్యెను. 1878లో ఆయన విద్యాలయమున నున్న పరికరములకు ఇంచుమించు పది డాలర్ల వెలగల తిరుగు టద్దమును జోడించి, కాంతివేగమును గొలుచుటకు బూనుకొనెను. మఱుసటి యేట మామగారొసగిన రెండువేల డాలర్లతో మేలైన పరికరములు సంపాదించి, విద్యాలయపు సముద్రపుగోడ ప్రక్కనే మఱల గొలిచెను. సెకనుకు 2,99,900 కిలోమీటర్లకు జేరువగా ఫలితము వచ్చెను. నేడు శాస్త్రజ్ఞు లంగీకరించిన సంఖ్య 2,99,792. ఆ మహాశయునకు 1907లో నోబెల్ బహుమానము లభించెను. పది డాలర్ల పద్దు చిన్నది. అట్టి చిన్న పద్దును జెరిపివేసినచో, పెద్దపని యెంత కొలది సాధనముతో మొదలయ్యెనో తరువాతివారి కెవరు చెప్పుదురు?

ఇక మన దేశమునకు వత్తము. 1946 ఫిబ్రవరి 18వ తేదీన బొంబాయిలోని ‘తల్వార్’ అను నౌకాదళపు సంకేతశిక్షణ పాఠశాలలో మన నావికులు సమ్మె కట్టిరి. అధికారుల తిట్లును, తినరాని తిండియు దానికి మొదటి కారణములు. ఆ నిప్పు కరాచీకిని, మదరాసునకును, మన విశాఖపట్టణమునకును బ్రాకి సామ్రాజ్యమునే కదల్చెను. కంచములోని యన్నము ఉగ్రాణపు విషయమే. దానిని చిన్నవిషయ మనుకొన్న ప్రభుత్వ మెంత పెద్దమూల్యము చెల్లించెనో మన మెఱుగుదుము.

సోదరులారా! మా వృత్తిలో మేము కన్నులార జూచిన దొకటి చెప్పి ముగింతుము. ఒకానొక ప్రజాసంఘపు కోశాధికారిపై సొమ్ము కాజేసెనని యభియోగము వచ్చెను. ఆయన పేదవాడు, నిర్దోషి యని మా యంతరాత్మకు దెలియును. బిల్లు లేవని న్యాయాధిపతి యడిగెను. ఆ సంఘమువారు రెండేండ్లక్రిందటనే వానిని పొట్లముల కాగితముగా నమ్మివేసియుండిరి. కేసు పోయినది. ఆ పెద్దమనుష్యుడు మఱల నే సభకును రాలేదు. బిల్లుల కమ్మకమున వచ్చిన ధర యెంతయో మాకు జ్ఞాపకము లేదు గాని, ఆ దినమున నాయన ముఖము మాత్రము మఱపునకు రాదు.

ఈ మందిరమునకు జందా లిచ్చినవారిలో ననేకు లిప్పుడు లేరు. అణా లిచ్చినవారి పేర్లును రూపాయ లిచ్చినవారి పేర్లును ఆ రసీదు పుస్తకములలో నొక్కవరుసనే యున్నవి. వారికి మనము శిలాఫలకములు వేయింపలేదు. ఆ కట్టలే వారి శిలాఫలకములు.

ప్రతి చీటిని దాచుమని మేము మూర్ఖముగా బట్టుపట్టము. ఒకే కాగితమునకు రెండు నకళ్లున్నచో నొకదానిని దీసివేయుడు. కాని ముందు జాబితా వ్రాయుడు. కావున మా సవరణ యిది: తూకపు టమ్మకము నాపవలెను. ఇద్దఱు వాలంటీర్లు ప్రతి యాదివారమును గూర్చుండి కట్టలు విప్పి, దుమ్ము దులిపి, సంవత్సరములవారీగా జాబితా సిద్ధపఱుపవలెను. అందొకరుగా మా పేరు వ్రాసికొనుడు. కుర్చీల నిధికి మా చందాయు నిదిగో, బల్లమీద నుంచుచున్నాము. దానికి రసీదు వ్రాసి యిండు. ఆ రసీదు నకలు మాత్రము దయచేసి దాచుడు.