జడ్జి గారి పక్కన ఒక ఏడాది
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

అత్వెల్లిలో పదో తరగతి పాసైన పిల్లల్ని ఏం చదువుతారని అడిగితే ఎంపీసీ అనో, బైపీసీ అనో అంటారు. నేనూ ఆ దారిలోనే ఇంజనీరునయ్యాను. పక్కనే శామీర్‌పేటలో నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం ఉంది. 1998లో ఏర్పడిన ఆ సంస్థకు దేశం నలుమూలల నుంచీ పిల్లలు వస్తారు. మన పిల్లలకు మాత్రం అది బస్సులోంచి కనిపించే బోర్డు.

"లా చదివితే తిండి దొరుకుతుందా?" అని తల్లిదండ్రులు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. సీనియర్ దగ్గర జూనియర్‌గా చేరిన తొలి ఏళ్లలో సంపాదన అంతంతమాత్రం. ఇంట్లో వకీళ్లుంటే తట్టుకోవచ్చు, మన ఇళ్లలో కష్టం. అందుకే ఈ రోజు లా క్లర్క్ గురించి చెబుతున్నాను.

క్లర్క్ అంటే గుమాస్తా కాదు. కేసు కాగితాలు చదివి జడ్జి గారికి సారాంశం రాసివ్వాలి, పాత తీర్పులు వెతికి పెట్టాలి. తీర్పు మాత్రం జడ్జి గారిదే. సుప్రీంకోర్టు 2025 నోటిఫికేషన్‌లో గౌరవ వేతనం నెలకు 80,000 రూపాయలు, వయసు 20 నుంచి 32 ఏళ్లు. లా చివరి సంవత్సరం విద్యార్థులూ దరఖాస్తు చేయవచ్చు. ఆబ్జెక్టివ్ పరీక్ష, రాత పరీక్ష, ఇంటర్వ్యూ ఉంటాయి. గుర్తింపు ఉన్న ఏ కాలేజీలో చదివినా అర్హులే. మన తెలంగాణ హైకోర్టు కూడా లా క్లర్కులను తీసుకుంటుంది.

ఇది శాశ్వత ఉద్యోగం కాదు, పోస్టులూ తక్కువే. కానీ సైట్‌లో పెద్ద ఇంజనీరు పక్కన నిలబడిన కుర్రాడు పుస్తకంలో లేని పని నేర్చుకున్నట్టే, ఇక్కడ న్యాయం ఎలా ఆలోచిస్తుందో దగ్గరుండి చూస్తారు. తర్వాత ప్రాక్టీసు పెట్టినా, జడ్జి పరీక్ష రాసినా ఆ ఏడాది అక్కరకొస్తుంది.

ఇంటర్ తర్వాత ఐదేళ్ల లా, డిగ్రీ తర్వాత మూడేళ్ల లా ఉన్నాయి. మన కాలేజీలకు లాసెట్, నల్సార్ ఐదేళ్ల కోర్సుకు క్లాట్ రాయాలి. అన్నిటికీ మూలం చదివి అర్థం చేసుకుని, సూటిగా రాయగలగడం. అది నేర్పేది ఈ బడే.

మేడ్చల్ చుట్టూ భూముల ధరలు పెరిగాక కోర్టు మెట్లెక్కిన ఇళ్లు మనకు తెలుసు. ఇంగ్లీషులో వచ్చిన కాగితం పట్టుకుని, చదివి చెప్పేవాళ్ల కోసం తిరిగినవాళ్లూ తెలుసు. అందుకే సంఘానికి నా మనవి ఒకటే. ఫీజుల కోసం మనం ఇచ్చే సాయంలో ఈ ఏడాది నుంచి ఒకటి లా చదివే మన బడి బిడ్డకు కేటాయిద్దాం. మొదటి ఏడాది నా వంతు నేనిస్తాను.

సెలవు.