జైల్లో ఉన్న ట్రాన్స్‌జెండర్ వ్యక్తికి మందు ఎవరిస్తారు?



క్రిస్మస్ దగ్గరపడితే మన సంఘాల నుంచి జైళ్లకు వెళ్తుంటాం. దుప్పట్లు, కేకులు పంచి, పాటలు పాడి, ప్రార్థన చేసి వచ్చేస్తాం. మగవాళ్ల బ్యారక్‌లోనో, ఆడవాళ్ల బ్యారక్‌లోనో, "భద్రత కోసం" అని విడిగా పెట్టిన గదిలోనో ఒక ట్రాన్స్‌జెండర్ వ్యక్తి ఉండొచ్చు. ఆ మనిషికి జబ్బు చేస్తే ఏమవుతుంది? ఈ రోజు నేను మాట్లాడేది ఆ ఒక్క విషయమే.

జైలుకు తెచ్చిన మొదటి గంటలోనే చాలావరకు తేలిపోతుంది. గేటు దగ్గర రిజిస్టర్‌లో మగ అనో ఆడ అనో రాస్తే, ఏ వార్డులో ఉంచాలి, తనిఖీ ఎవరు చెయ్యాలి, డాక్టరు ఏమనుకోవాలి అన్నీ ఆ రాతను బట్టే నడుస్తాయి. మగ అని రాసి ఉన్న మనిషి ఈస్ట్రోజన్ మాత్రలు అడిగితే, సోకు కోసం అడిగినట్టు కనిపిస్తుంది.

అది సోకు కాదు. ఇళ్లలో మనం ఈ మాటలు ఎత్తం కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. వృషణాలు తీయించుకున్న ట్రాన్స్ మహిళ శరీరంలో హార్మోన్లు చాలా తగ్గిపోతాయి. మందు ఆపేస్తే ఒంట్లో ఆవిర్లు, నిద్రలేమి, దిగులు. అలాగే కాలం గడిస్తే ఎముకలు గుల్లబారతాయి. ఆసుపత్రిలో కాక నాటు పద్ధతిలో 'నిర్వాణం' చేయించుకున్నవారిలో కొందరికి మూత్రనాళం ఇరుకవుతుంది, ఇన్‌ఫెక్షన్లు తిరగబెడుతుంటాయి. అలాంటి మనిషిని మగవాళ్ల వార్డులో, తలుపు సరిగా లేని మరుగుదొడ్డితో ఉంచితే ఏం చేస్తుంది? నీళ్లు తాగడం మానేస్తుంది. అందరూ పడుకునేదాకా ఆపుకుంటుంది. జబ్బు ముదురుతుంది. ఆడవాళ్ల వార్డులో ఉన్న ట్రాన్స్ పురుషుడికి మందు ఆగితే, ఆగిన నెలసరి మళ్లీ మొదలవుతుంది. హెచ్ఐవీ మందులు వాడేవారికి ఒక్కరోజు కూడా తప్పకూడదు, కానీ అరెస్టు చేసినప్పుడు మందుల సీసా ఇంట్లోనే ఉండిపోవచ్చు.

"తప్పు చేసే కదా లోపలికి వెళ్లారు" అని మనలోనే కొందరంటారు. మన దేశపు జైళ్లలో నూటికి 70 మందికి పైగా విచారణ ఖైదీలే, నేరం ఇంకా రుజువు కానివాళ్లు. రుజువైనా, శిక్ష నిర్బంధమే గాని వైద్యం ఆపడం కాదు. 1977లో కర్నూలు జిల్లా కోయిలకుంట్ల సబ్ జైలులో బాంబుదాడి జరిగి ఒక ఖైదీ చనిపోయారు. ఆయన కొడుకు చల్లా రామకృష్ణారెడ్డి నడిపిన కేసులో, ఖైదీ అయినంత మాత్రాన జీవించే హక్కు పోదని 2000లో సుప్రీంకోర్టు తేల్చింది. అది మన తెలుగు నేల మీద పుట్టిన కేసు.

కాగితం మీద లోటేమీ లేదు. 2019 నాటి ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల హక్కుల చట్టం 15వ సెక్షన్ హార్మోన్ చికిత్సను, శస్త్రచికిత్సను, కౌన్సెలింగ్‌ను ప్రభుత్వం చూడాల్సిన పనుల్లో చేర్చింది. 2022 జనవరిలో కేంద్ర హోం శాఖ రాష్ట్రాలన్నిటికీ లేఖ రాసింది. రిజిస్టర్‌లో ట్రాన్స్‌జెండర్ అనే గడి ఉండాలని, విడి వార్డు, విడి మరుగుదొడ్డి, వివక్ష లేని వైద్యం ఉండాలని అందులో ఉంది. విడి వార్డు పేరుతో ఒంటరిగా పడేయొద్దని కూడా ఉంది. (ఆ మాట నాకు బాగా నచ్చింది.) కానీ జైళ్లు రాష్ట్రాల చేతిలోవి, ఆ లేఖ సలహా మాత్రమే. అంటే మనం ఎక్కడుంటే అక్కడి ప్రభుత్వాన్నే అడగాలి.

ఇంకో సంగతి. ఇల్లు వదిలి బెంగళూరు, చెన్నై, ముంబయి చేరిన ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల్లో తెలుగువాళ్లున్నారు. ఇలాంటి బాధను, పక్కన గార్డు నిలబడి ఉండగా, రాని భాషలో డాక్టరుకు చెప్పుకోవడం ఎలా ఉంటుందో ఊహించండి. మనకు తెలుగూ వచ్చు, స్థానిక భాషా వచ్చు. ఈసారి జైలుకు వెళ్లినప్పుడు దుభాషిగా వస్తామని సూపరింటెండెంట్‌కు రాతపూర్వకంగా ఇవ్వండి. రిజిస్టర్‌లో మూడో గడి ఉందా అని అడగండి. కస్టడీలో ఉన్న ఎవరికైనా జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా లాయరును ఇస్తుంది. ఆ లాయరు ద్వారా వైద్యం కోసం కోర్టులో అర్జీ వేయించవచ్చు. మీకు తెలిసినవారు ఎవరైనా అరెస్టయితే, ముందు వాళ్ల పాత ప్రిస్క్రిప్షన్ వెతికి జైలు డాక్టరు చేతికి చేర్చండి. ఒక నకలు లాయరు దగ్గర ఉంచండి.