బెంగళూరు వెళ్తున్నారా? పాసు లెక్క చూసుకోండి

డెంకణికోటకు వచ్చిన చుట్టాలు బేటరాయస్వామి దర్శనం అయ్యాక ఒకరోజు బెంగళూరు చూసొద్దామంటారు. అక్కడి సిటీ బస్సుల్లో, అంటే బీఎంటీసీలో, రోజు పాసు దొరుకుతుంది. తీసుకోవాలా?

ఇక్కణ్ణుంచి హోసూరుకు మనం వెళ్లే తమిళనాడు బస్సులో ఆ పాసు చెల్లదు. సరిహద్దు దాటి, అత్తిబెలెలో సిటీ బస్సు ఎక్కాకే దానితో పని. కండక్టరే ఇస్తాడు. లాల్‌బాగ్, విధానసౌధ, మల్లేశ్వరం అంటూ నాలుగైదు బస్సులు మారేవారు పొద్దున్నే కొంటే బాగా కలిసొస్తుంది. మార్కెట్టులో చీరలు కొని నేరుగా తిరిగొచ్చేవారు మాత్రం రానూపోనూ ఛార్జీ ఎంతో అడిగి, పాసు ధరతో పోల్చుకోవాలి. మామూలు పాసుతో ఏసీ వజ్ర బస్సు ఎక్కనివ్వరు.

ఆడవాళ్లకు ఒక మాట. 2023 జూన్ 11న మొదలైన శక్తి పథకం కింద ఆడవాళ్లకిచ్చే ఉచిత బస్సు ప్రయాణం కర్ణాటక చిరునామా ఉన్నవారికే. మన చిరునామాతో కుదరదు, వాళ్ల టికెట్లూ లెక్కలో వేసుకోండి.

వెంట పెద్దవాళ్లుంటే నేనైతే బొమ్మసంద్రలో దిగి, 2025 ఆగస్టులో మొదలైన పసుపు మార్గం మెట్రో ఎక్కమంటాను. దానికి బస్సు పాసు పనికిరాదు, టికెట్టు వేరే. అయినా హోసూరు రోడ్డు ట్రాఫిక్ చాలావరకు తప్పుతుంది.