ఎవరితో పోలుస్తున్నాం?

మా మాస్టారి పేరిట జరిగే ఈ స్మారకోపన్యాసంలో ఆయన దగ్గర నేర్చుకున్న ఒకే ఒక్క పాఠం గురించి మాట్లాడతాను. ఆయన గణాంకశాస్త్రం చెప్పేవారు. ఏ విద్యార్థి అయినా సర్వే కాగితాల కట్ట తెచ్చి, లెక్క కట్టడంలో సాయం చెయ్యమని అడిగితే, ఆ కట్ట విప్పకముందే ఆయన అడిగే మాట ఒకటుండేది: "ఎవరితో పోలుస్తున్నావు?"

నా మొదటి పరిశోధనకు ఆ ప్రశ్న వేసినప్పుడు నా దగ్గర జవాబు లేదు. ప్రాథమిక పాఠశాలల్లో పిల్లల చదువు ఎలా ఉందో తేల్చాలనుకుని, పరీక్ష పెట్టిన రోజున బడికి వచ్చినవాళ్ల మార్కులే రాసుకున్నాను. రానివాళ్లలో పత్తి ఏరడానికి పోయినవాళ్లున్నారు, చంటి తమ్ముణ్ని చూసుకుంటూ ఇంట్లో ఉండిపోయినవాళ్లున్నారు. సగటు బాగా వచ్చింది. కానీ అది బడి సగటు కాదు, ఆ రోజు వచ్చినవాళ్ల సగటు. కూడిక తప్పయితే ఒక రాత్రి కూర్చుని దిద్దుకునేవాణ్ని. ఈ తప్పుకు దిద్దుబాటు లేదు, ఎందుకంటే ఆ పిల్లల మార్కులు ఏ కాగితంలోనూ లేవు.

పోలికను ముందే ఆలోచించి కట్టిన అధ్యయనం ఎలా ఉంటుందో చెప్పాలంటే నాకు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2005లో మొదలైనది గుర్తొస్తుంది. కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ దానికి రూపకల్పన చేశారు. అజీమ్ ప్రేమ్‌జీ ఫౌండేషన్ క్షేత్రస్థాయిలో నడిపింది. పిల్లల చదువు మెరుగుపడితే ఉపాధ్యాయులకు బోనస్ ఇస్తామంటే ఫలితం ఉంటుందా అన్నది వాళ్ల ముఖ్యమైన ప్రశ్న.

ఇష్టపడి ముందుకొచ్చిన బడుల్లో బోనస్ ఇచ్చి, మిగతా బడులతో పోల్చవచ్చు గదా అనిపిస్తుంది. కానీ అలా ముందుకొచ్చేది అప్పటికే చురుగ్గా ఉన్న హెడ్మాస్టరు. అవే బడుల్లో నిరుటి మార్కుల పక్కన ఈ ఏటి మార్కులు పెడదామంటే, ఈ ఏడు వానలు బాగా పడి పనికి పోయే పిల్లలు తగ్గి ఉండవచ్చు. మనకు నిజంగా కావలసింది అదే బడి, అదే ఏడు, బోనస్ లేకుండా ఎలా ఉండేదన్న సంగతి. అది ఎవరి కంటికీ కనపడదు. దానికి అతి దగ్గరగా తీసుకుపోయేది చీటీలు వెయ్యడం.

ఆ అధ్యయనంలో రాష్ట్రంలోని మూడు ప్రాంతాల నుంచి 5 జిల్లాలు, వాటిలో 50 మండలాలు, మండలానికి 10 బడులు చొప్పున మొత్తం 500 ప్రభుత్వ గ్రామీణ ప్రాథమిక పాఠశాలలు. ప్రతి మండలంలోని పది బడులనూ చీటీలు వేసి రెండేసి చొప్పున ఐదు వర్గాలకు పంచారు. ఒక వర్గంలో ఎవరి బోనస్ వారిది, ఒక దానిలో బడి మొత్తానికి ఉమ్మడి బోనస్, ఒక దానికి అదనపు కాంట్రాక్టు టీచరు, ఒక దానికి నిధులు, చివరిదానికి ఏమీ లేదు. మండలం లోపలే చీటీలు వెయ్యడంలోని తెలివి రైతుకు వెంటనే అర్థమవుతుంది. చెరువు కింది మడిలో వేసిన ఒక విత్తనాన్ని మెరక మీద వేసిన ఇంకో విత్తనంతో పోల్చం గదా. గణాంకశాస్త్రవేత్త ఫిషర్ ఇంగ్లండులోని రోథమ్‌స్టెడ్ పొలాల్లో ఈ పద్ధతికి శాస్త్రరూపం ఇచ్చాడు.

ఏమీ ఇవ్వని బడులను గాలికి వదిలెయ్యలేదు. వాటికీ అవే పరీక్షలు, అవే ఆకస్మిక సందర్శనలు. లేకపోతే ఫలితం బోనస్‌దో, ఎవరో వచ్చి చూస్తున్నారన్న జాగ్రత్తదో తెలిసేది కాదు. ఇంకో సంగతి నా మనసుకు బాగా దగ్గరైంది. మొదటి పరీక్ష రాసి చివరి పరీక్షకు రాని పిల్లవాడి ప్రగతిని బోనస్ లెక్కలో సున్నాగా కట్టారు. వెనకబడిన పిల్లవాణ్ని పరీక్ష రోజున ఇంటి దగ్గర ఉండమంటే టీచరుకు కలిసొచ్చేదేమీ ఉండదు. నేను వదిలేసిన పిల్లలను వీళ్లు ముందే తలచుకున్నారు.

రెండేళ్ల తర్వాత బోనస్ బడుల పిల్లలు ఏమీ ఇవ్వని బడుల పిల్లలకన్నా గణితంలో 0.27, భాషలో 0.17 ప్రామాణిక విచలనాల మేర ముందున్నారు. గణితం సంగతి మామూలు మాటల్లో చెబితే, వందమందిలో సరిగ్గా నడుమ ఉండే పిల్లవాడు మరో పదిమందిని దాటి ముందుకెళ్లినట్టు. బోనస్‌తో సంబంధం లేని సైన్సు, సాంఘికశాస్త్రాల్లో కూడా మెరుగుదల కనిపించింది.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసినవి నిధులు అందుకున్న బడులు. బడికి సగటున ఏడాదికి సుమారు 10,000 రూపాయలు, ఎక్కువగా నోటుపుస్తకాలకూ బోధన సామగ్రికీ. మొదటి ఏడు మార్కులు పెరిగాయి. రెండో ఏడు అదే సొమ్ము, అవే బడులు, పెరుగుదల లేదు. పరిశోధకులు బడి దగ్గరే ఆగిపోయి ఉంటే పథకం నీరుగారిందనో, డబ్బు దారి మళ్లిందనో రాసేవారు. వాళ్లు ఇళ్లకు వెళ్లి, పిల్లల చదువుకు ఎంత ఖర్చు పెడుతున్నారని తల్లిదండ్రులను అడిగారు. మొదటి ఏడు నిధుల సంగతి ఇళ్లలో ముందుగా తెలియదు. రెండో ఏడు బడిలో ఇస్తారని తెలిసి, తాము కొనేవి తగ్గించుకున్నారు. పేదింటి లెక్కలో అది తప్పు కాదు. ఏం కొలవాలో ముందే తెలిసినవాళ్లు గనుక ఆ కుటుంబాల వివేకం పరిశోధనలోకి వచ్చింది. యువ పరిశోధకులారా, ప్రశ్నావళి రాసేటప్పుడు మీ ప్రశ్న బడి గేటు దగ్గర ఆగిపోతోందేమో చూసుకోండి.

ఇంత శ్రమపడినా ఈ 500 బడులు ఒక సంగతి చెప్పలేవు. ఊళ్లో ప్రైవేటు బడికి పోయిన పిల్లవాడు అక్కడ ఎక్కువ నేర్చుకుంటున్నాడా? దానికి అదే రాష్ట్రంలో 180 ఊళ్లలో వేరే చీటీలు వేశారు, అదీ రెండుసార్లు. ముందు ఏ ఊళ్లలో ఫీజు సాయం ఇవ్వాలో, తర్వాత ఆ ఊళ్లలో దరఖాస్తు పెట్టినవాళ్లలో ఏ పిల్లలకు ఇవ్వాలో. పిల్లలకు ఒక్కసారే వేస్తే సరిపోదా? చాలదు. తోటివాళ్లు వెళ్లిపోయాక ప్రభుత్వ బడిలో మిగిలిన పిల్లల చదువు ఏమైందో తెలియాలంటే, ఆ సాయం అసలు రాని ఊరి పిల్లలతోనే పోల్చాలి.