విడదీయగలిగే జిగురు

నేను సాఫ్ట్‌వేర్ ఇంజనీర్ని. సంగీతం గురించి మాట్లాడే అర్హత నాకు లేదు. ఈ కాసేపూ జిగురు గురించి మాత్రమే చెబుతాను.

మా అమ్మాయి పియానో నేర్చుకుంటానంటే, మా వీధిలోని ఒక అమెరికన్ పెద్దావిడ తన పాత పియానో ఇచ్చారు. "ఇది మా అమ్మ వాయించినది, జాగ్రత్తగా చూసుకోండి" అన్నారు. చలికాలం హీటరు వేడికి కర్ర ఎండి, తీగల్ని కొట్టే సుత్తుల్లో నాలుగు వదులై టకటకమన్నాయి. ఇంజనీర్ని కదా! ఎపాక్సీ తెచ్చి అతికించేశాను. ఒకటి వంకరగా అతుక్కుంది. దాన్ని ఊడదీయబోతే జిగురు కదల్లేదు, కాడ విరిగింది.

చూడ్డానికి వచ్చిన టెక్నీషియన్ పక్క సుత్తికి ఆవిరి పట్టి మెల్లగా తిప్పారు. చెక్క చెక్కుచెదరకుండా వచ్చేసింది. దానికి వేసింది తోళ్ళు, ఎముకలు ఉడికించి తీసిన జిగురు. మన పాతకాలపు వడ్రంగులు వజ్రం అనేవారే, అదే.

దాని పలుకుల్ని చన్నీళ్ళలో నానబెట్టి, 140 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గర నీళ్ళగిన్నెలో కరిగించాలి. నేను మా అమ్మాయి పాలసీసా వేడిచేసే పరికరమే వాడుతున్నాను. మరిగితే పట్టు పోతుంది. చల్లారగానే గడ్డకడుతుంది కాబట్టి చెయ్యి చురుగ్గా ఆడాలి. అంత చురుకు లేనివాళ్ళకి సీసాల్లో ద్రవరూపంలోనూ దొరుకుతుంది, కానీ గడువు తేదీ చూసి కొనండి.

పాత అతుకు ఏ జిగురుదో తెలియాలంటే ఒక వేడినీటి చుక్క వేసి చూడండి. వజ్రమైతే జిగటగా మారుతుంది. తెల్ల జిగురు పాలలా తెల్లబడి మెత్తబడుతుంది. ఎపాక్సీ చలించదు. తెల్ల జిగురు పూర్తిగా గీకెయ్యకపోతే దాని మీద వజ్రం సరిగా పట్టదు.

అన్ని అతుకులూ ఊడాలని కాదు. చీలిన బ్రిడ్జికి ఎపాక్సీ, వదులైన ట్యూనింగ్ పిన్నులకి పల్చటి సూపర్ గ్లూ వాడేవాళ్ళున్నారు. కానీ సుత్తులు, ఫెల్టులు, మీటల లోపలి గుడ్డలు అరిగిపోయేవి. ఎప్పటికైనా మార్చాల్సినవి. అక్కడ తీయగలిగే జిగురే వెయ్యాలి.

ఈ సంగతి మనకి కొత్తేమీ కాదు. వీణ మీద 24 మెట్లనీ మైనం మీదే కదా నిలబెడతారు! స్వరం తప్పితే ఆ మైనం కరిగించి మేళం మళ్ళీ కడతారు. ఆ పని చేసినవాడు, తన తర్వాత ఇంకొకడు వస్తాడని తెలిసినవాడు.

ఆ పెద్దావిడ దగ్గరికి వెళ్ళి నా తప్పు చెప్పాను. ఆవిడ కోప్పడలేదు. మా ఇంటికి వచ్చి, కూర్చుని, మా అమ్మాయి చేత ఒక పాట వాయించుకుని విన్నారు. మిగిలిన మూడు సుత్తులు ఇప్పటికీ నా ఎపాక్సీతోనే ఉన్నాయి. వాటిని చూసినప్పుడల్లా సిగ్గేస్తుంది.