పవర్ బ్యాంకు ఏ సంచిలో పెట్టాలి?



మన కొడుకో, బిడ్డో శంషాబాద్‌లో విమానం ఎక్కుతారు. పెట్టె సర్దేది మాత్రం మనమే. అందుకే ఈ మాట మీకు చెప్తున్నా.

సెల్‌ఫోన్‌లో, పవర్ బ్యాంకులో లిథియం బ్యాటరీ ఉంటుంది. గట్టి దెబ్బ తగిలినా, లోపల పాడైనా అది వేడెక్కి అంటుకుంటుంది. ఆరినట్టే ఆరి, మళ్లీ మండుతుంది.

2022 సెప్టెంబరు 12 రాత్రి సికింద్రాబాద్‌లో ఏమైంది? కింద ఎలక్ట్రిక్ స్కూటర్ల దుకాణం. పైన లాడ్జి. కింద మంట లేచింది. బ్యాటరీలు అంటుకున్నాయి. పొగ పైకి కమ్మింది. 8 మంది చనిపోయారు.

నేల మీదే ఇట్లుంటే, ఆకాశంలో ఎటు ఉరుకుతాం?

పెద్ద పెట్టె విమానం పొట్టలోకి పోతుంది. అక్కడ మంట లేస్తే చూసే మనిషి ఉండడు. కాబట్టి పవర్ బ్యాంకును పెద్ద పెట్టెలో పెట్టకూడదు. చేతి సంచిలోనే పెట్టాలి. అది వేడెక్కినా, పొగ వచ్చినా వెంటనే విమానం సిబ్బందిని పిలవాలి. వాళ్లకు మంట ఆర్పే శిక్షణ ఉంటుంది. ఉబ్బిన బ్యాటరీని అసలే తీసుకుపోవద్దు.

పెట్టెకు తాళం వేసే ముందు ఒక్క మాట అడగండి:

“బిడ్డా, పవర్ బ్యాంకు ఎక్కడ పెట్టినవ్?”