ఊత తీసే వేళ



మేము వైద్యులం కాము. పేరాక్ తోటలకు వచ్చిన తాతల మనుమలం, బడిపంతుళ్లం. సాయంకాలపు తరగతిలో తెలుగు నేర్చుకున్నవాళ్లం. తప్పులుంటే మన్నించండి.

నిరుడు మా బావగారికి గుండెపోటు వచ్చింది. డాక్టర్లు తొడలోని రక్తనాళం గుండా బృహద్ధమనిలోకి ఒక సన్నని బెలూన్ పంపారు. గుండె విశ్రమించినప్పుడు అది ఉబ్బి, గుండె కండరానికి రక్తం అందేలా చేస్తుంది. గుండె ముడుచుకునే ముందు తాను కుంచించుకొని, దాని భారం తగ్గిస్తుంది. లోపల నింపేది హీలియం. తేలిక వాయువు గనుక చప్పున వచ్చిపోతుంది. 1967లో న్యూయార్కులో డాక్టర్ ఏడ్రియన్ కాంట్రోవిట్జ్ దీనిని మొదటిసారి రోగికి వాడారు. ఇది అందరినీ బ్రతికించే యంత్రం కాదు. గుండెపోటుతో షాక్‌లోకి వెళ్లిన 600 మందిపై జర్మనీలో జరిగిన పరిశోధన 2012లో వెలువడింది. దీనివల్ల మరణాలు తగ్గినట్టు అందులో కనబడలేదు. అందుకే ఇప్పుడు ఎంచి వాడుతున్నారు.

నాలుగవ రోజున బావగారి కాలు చల్లబడింది. నాళంలో రక్తం గడ్డకట్టింది. ఉంచితే కాలికి ముప్పు, తీస్తే గుండెకు భయం. ఆపరేషన్ చేసి తీయాలన్నారు.

మా అత్తగారికి ఎనభై ఆరేళ్లు. తెలుగులో చెబితేనే ఆమె మనసుకు ఎక్కుతుంది. "గుండెను పట్టుకున్నదాన్ని తీసేస్తే, అది నిలుస్తుందా నాయనా?" అని అడిగారు.

మాకు మాట రాలేదు. తరగతిలో నేర్చినవి పద్యాలూ, పండుగలూ. చివరకు ఇలా చెప్పాము: "అత్తయ్యా, ఒక్కసారిగా తీసేయడం లేదు. మొదట ప్రతి దెబ్బకూ ఊత ఇచ్చారు. తరువాత రెండు దెబ్బలకు ఒకసారి, ఆపైన మూడింటికి ఒకసారి. గుండె తట్టుకున్నది. బిడ్డకు నడక నేర్పి, వేలు వదిలినట్టే."

ఆమె తల ఊపారు.

మామూలుగా బెలూన్‌ను బయటికి లాగి, తొడపై గట్టిగా అదిమిపెడితే చాలును. బావగారికి మాత్రం గజ్జ దగ్గర కోసి, బెలూన్ తీసి, గడ్డ తొలగించి, నాళాన్ని కుట్టారు. మరునాడు అత్తగారు కొడుకు పాదం తాకి, "వెచ్చగా ఉంది" అన్నారు. ఈనాడు బావగారు ఈ సభలోనే కూర్చున్నారు.

అప్పటినుంచి మా తరగతిలో పద్యాలతో పాటు గుండె, నాళం, గజ్జ, కుట్లు అనే మాటలు కూడా నేర్పుతున్నాము. పిల్లలారా, పండుగనాడు పాడడానికే కాదు, ఆసుపత్రి మంచం దగ్గర అవ్వకు ధైర్యం చెప్పడానికి కూడా తెలుగు కావాలి. మా విన్నపం ఇంతే.

సెలవు.